ఉగాది రోజుల్లో సముద్రం: చేప ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు

శివరాత్రి వెళ్ళి చలి తగ్గిందంటే విజయవాడ, గుంటూరుల్లో గాలం సరదా ఉన్నవాళ్ళకు సముద్రం మీదకు మనసు పోతుంది. గుంటూరు వాళ్ళు బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్తారు. విజయవాడ వాళ్ళు బందరు రోడ్డు పట్టుకుని మంగినపూడి చేరతారు. ఓపికున్నవాళ్ళు నిజాంపట్నం, నాగాయలంక, హంసలదీవి దాకా పోతారు. 2022లో జిల్లాలు విడగొట్టాక గుంటూరు జిల్లాకూ సముద్రం లేదు, విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాకూ లేదు. అయినా ఈ రెండు ఊళ్ళ చేపల మార్కెట్లూ, ఆదివారం ప్రయాణాలూ ఆ తీరాన్ని వదల్లేదు.

ఈ ప్రయాణాలు చాలావరకు ఒకేలా ముగుస్తాయి. టిఫిన్ చేసి బయల్దేరతారు, పదకొండింటికి తీరం చేరతారు. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, ఇంతకంటే మంచి రోజు దొరకదనిపిస్తుంది. సాయంత్రం దాకా నిలబడితే రెండు జెల్లలు పడతాయి, లేదా అవీ పడవు. తిరుగు ప్రయాణంలో వాదన మొదలవుతుంది. అమావాస్య దాటిపోయిందని ఒకరు, గాలి తిరిగిందని ఒకరు, మరబోట్లు ఊడ్చేశాయని ఇంకొకరు, నీళ్ళు మరీ తేటగా ఉన్నాయని మరొకరు అంటారు.

ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఇవి వేర్వేరు గడియారాల మీద నడవడంలో ఉంది. చంద్రుడి గడియారం పక్షానికి ఒక చుట్టు తిరుగుతుంది. గాలిది రోజుకు ఒక చుట్టు. కృష్ణ నీళ్ళది ఏడాదికి ఒక చుట్టు. బంగాళాఖాతంలో తీరం వెంట పారే ప్రవాహం రుతువును బట్టి దిశ మార్చుకుంటుంది. ఈ నాలుగింటినీ కలిపేసి ‘సముద్రం బాగుంది’, ‘బాగాలేదు’ అనుకుంటే ఏమీ తేలదు. విడదీసి చూస్తే లెక్క చాలా సులువు. చంద్రుడి వల్ల నీళ్ళు ఎక్కే పోటు, చేప ఎక్కడుందో చెబుతుంది. గాలి ఏ వేళలో గాలం వేయగలమో చెబుతుంది. నీటిలో ఉప్పు ఏ రకం చేప వస్తుందో చెబుతుంది. ప్రవాహం అది ఒడ్డుకు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. మన వాళ్ళు చంద్రుణ్ణి మాత్రమే చూసి బయల్దేరతారు. ఫాల్గుణ, చైత్రాల్లో మాత్రం మొదట చూడాల్సింది గాలి వేళనే.

గాలి

కార్తీకం నుంచి పుష్యం దాకా మన తీరం మీద ఈశాన్యపు గాలి ఉంటుంది. మాఘం చివరికి అది నీరసించి, ఫాల్గుణానికి గాలి దక్షిణానికి తిరుగుతుంది. పైరగాలి మొదలైందని తీరంలో అంటారు. దీని మీద రోజువారీ గాలి ఇంకొకటి తోడవుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం చల్లబడదు. అందుకే తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదకు మెల్లగా వీస్తుంది. ఒడ్డు దగ్గర అలలు అణిగి ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది, నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి తోసుకొస్తుంది. పదకొండు, పన్నెండు గంటలకు మొదలై మూడు, నాలుగింటికి ముదురుతుంది. అది అప్పటికే వీస్తున్న పైరగాలితో కలిసేసరికి మధ్యాహ్నం సముద్రం మీద చిన్న చిన్న తెల్ల నురగలు లేస్తాయి.

అంటే విజయవాడ, గుంటూరుల్లో ఎండ ముదిరేకొద్దీ సూర్యలంకలో మధ్యాహ్నపు గాలి పెరుగుతుంది. మార్చి మొదట్లో పన్నెండు దాకా గాలం వేయగలిగే చోట ఏప్రిల్ వచ్చేసరికి పదింటికే దారం పక్కకు వంగిపోతుంది. సీసం గుండు నిలవదు, ఎర కొట్టుకుపోయి ఒడ్డుకు చేరుతుంది, చేప కొరికిందో అల తగిలిందో చేతికి తెలియదు. పదకొండింటికి తీరం చేరిన వాళ్ళు సరిగ్గా ఆ గాలి మొదలయ్యే వేళకే వచ్చారన్న మాట. అమావాస్యకూ దీనికీ సంబంధం లేదు.

ఈ రోజువారీ గాలి వేసవంతా ఒకేలా ఉండదు. ఏప్రిల్ చివరి నుంచి, ముఖ్యంగా మే నెలలో, పడమటి వడగాలి బలంగా వీచే రోజుల్లో అది సముద్రపు గాలిని ఒడ్డు దాకా రానివ్వదు. ఆ రోజుల్లో బాపట్లలోనూ ఒళ్ళు కాలిపోతుంది, సముద్రం మాత్రం మధ్యాహ్నం దాకా కదలదు. అది మంచి వేటకు గుర్తు కాదు. పైనీళ్ళు కాగిపోతాయి, వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, చేప లోతుకు దిగుతుంది.

మధ్యాహ్నపు గాలి వల్ల ఒక మేలు కూడా ఉంది. చిన్న అలలు ఒడ్డు దగ్గర ఇసుకను కలిపేస్తాయి. ఇసుకలో దాక్కున్న పురుగులు, చిన్న పీతలు, రొయ్య పిల్లలు బయటపడతాయి, నీళ్ళు కాస్త మసకబారతాయి. తేట నీటిలో ఎండ పడుతుంటే పెద్ద చేప లోతు తక్కువ ఉన్న చోటికి రాదు. పైన ఎగిరే పక్షికీ, ఒడ్డున నిలబడ్డ మనిషికీ తను కనిపిస్తుందని దానికి భయం. నీళ్ళు మసకబారి పొద్దు వాలాక అదే చేప నడుం లోతు నీటిలోకి మేతకు వస్తుంది. కాబట్టి తెల్లవారుజామును మినహాయిస్తే, గాలి తగ్గిన సాయంత్రాలు, పొద్దుగూకాక ఒకటి రెండు గంటలు కూడా మంచి వేళలే. ఏప్రిల్లో మాత్రం పైరగాలి చాలా రాత్రిళ్ళు తొమ్మిది, పది దాకా తగ్గదు. అందుకే నేనైతే ఎవరికైనా తెల్లవారుజామునే చెబుతాను. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేవడం కష్టమే, కానీ ఆ కష్టానికి ఫలితం ఉంటుంది.

పెద్ద అలల సంగతి వేరు. గాలి లేకపోయినా ఒక్కోసారి అలలు దూరం దూరంగా, బరువుగా వచ్చి విరుగుతాయి. అవి ఇక్కడి గాలికి పుట్టినవి కావు. వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన రేగిన తుఫాను గాలులకు పుట్టి ఇంత దూరం నడిచొస్తాయి. గుర్తుపట్టాలంటే ఒడ్డున నిలబడి ఒక అల విరిగిన దగ్గర్నుంచి తర్వాతది విరిగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. నాలుగైదు సెకన్లకొకటి వస్తుంటే అది మన గాలి లేపిన అల. పన్నెండు, పదిహేను సెకన్లకొకటి వస్తుంటే దూరం నుంచి వచ్చినది. రెండోది చూడ్డానికి నెమ్మదిగా ఉన్నా ఒడ్డున చాలా పైదాకా ఎక్కుతుంది, వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను తోడేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటివి వచ్చేముందు ఇన్‌కాయిస్ (హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) హెచ్చరికలు ఇస్తుంది. ఆ రోజు నీళ్ళలోకి దిగి గాలం వేయకూడదు.

పోటు, పాటు

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్ళు దిగడం). ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందువల్ల ఈ రోజు పోటు నిండిన వేళకంటే రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరసలో లాగుతారు కాబట్టి నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది.

గుజరాత్‌లో భావనగర్ దగ్గర పోటుకూ పాటుకూ తేడా పది మీటర్ల దాకా పోతుంది. మన దగ్గర అమావాస్య నాడు కూడా ఒక మీటరు, మహా అయితే మీటరున్నర. ఇంత చిన్న తేడా చేపను ఏం కదిలిస్తుందని అనిపించవచ్చు. కానీ మన తీరం చదును. కృష్ణ తెచ్చిన ఒండ్రు వేల ఏళ్ళుగా పరుచుకున్న నేల ఇది. నిజాంపట్నం అఖాతంలో నీటి లోతు ఒడ్డు నుంచి చాలా మెల్లగా పెరుగుతుంది. చదును నేల మీద మీటరు నీళ్ళు ఎక్కితే వందల మీటర్ల మేర మునుగుతుంది, దిగితే అంతా బయటపడుతుంది. మడ అడవుల్లోని పాయలు నిండి ఖాళీ అవుతాయి. ఆ నీటితోపాటు రొయ్య పిల్లలు, చిన్న కొయ్యంగలు, పీత పిల్లలు లోపలికీ బయటికీ కొట్టుకుపోతుంటాయి. చేపకు కావాల్సింది ఆ కదలిక.

ఏడాది మొత్తంలో చూసుకుంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల దగ్గర, అంటే మార్చి 21కి అటూ ఇటూ, అమావాస్య, పౌర్ణమి పోట్లు మామూలుకంటే కాస్త పెద్దవి. ఉగాదికి ముందు వచ్చే అమావాస్య చాలా ఏళ్ళు ఈ రోజుల్లోనే పడుతుంది. అదే సమయంలో మన తీరంలో సముద్రపు సగటు మట్టం ఏడాదిలోకెల్లా తక్కువగా ఉండేది కూడా మార్చి ప్రాంతంలోనే. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మొగల దగ్గర, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట్ల చూడాలి. ఉగాది ముందు పాటు వేళ హంసలదీవి వైపు నడిస్తే శీతాకాలంలో నీళ్ళున్న చోట్ల ఇసుక దిబ్బలు తేలి ఉంటాయి. బందరు దగ్గర గిలకలదిండి హార్బరు మొగ ఇసుక పూడికతో ఎప్పుడూ బాధపడేదే. పాటు వేళ బోట్లు రాలేక పోటు కోసం బయట లంగరు వేసుకుని నిలబడతాయి. వలల నిండా చేప ఉండి ఐసు కరిగిపోతుంటే ఆ నాలుగైదు గంటలు మత్స్యకారులు పడే టెన్షన్ ఒడ్డున ఉన్న మనకు అర్థం కాదు.

మొగ దగ్గర పాటు మొదలైనప్పుడు ఏం జరుగుతుందో నిదానంగా చూస్తే సగం విద్య వచ్చినట్టే. పోటు నిండాక ఓ అరగంట నీళ్ళు ఎటూ కదలవు. అప్పుడు ఎర వేసినా పీతలు తినేస్తాయి తప్ప చేప ముట్టదు. తర్వాత మడ చెట్ల వేళ్ళ దగ్గర ఎండుటాకులు మెల్లగా సముద్రం వైపు కదులుతాయి. మరో అరగంటకు పాయ లోపలి నుంచి గోధుమరంగు నీళ్ళు ఒక నాలుకగా బయటికొచ్చి ఆకుపచ్చ సముద్రపు నీటిని తాకుతాయి. రెండు నీళ్ళూ కలిసే చోట సన్నటి నురగ గీత ఏర్పడుతుంది, దాని మీద పుల్లలు, ఆకులు వరసగా తేలుతుంటాయి. గీతకు గోధుమ వైపున చిన్న కొయ్యంగలు నీటి మీద పొరలు పొరలుగా వణుకుతూ కనిపిస్తాయి. ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారి గాలిలోకి ఎగిరితే కింద పండుగప్ప ఉన్నట్టు. అది పారే నీటిలో ఈదుతూ కష్టపడదు. దిబ్బ అంచున, నీళ్ళ జోరు తగ్గిన చోట మూతి ప్రవాహం వైపు పెట్టి నిలబడి, నీళ్ళు మోసుకొచ్చిన మేతను అందుకుంటుంది. ఎరను కూడా ఆ గీతకు అవతల వేసి, నీళ్ళే దాన్ని దిబ్బ అంచుకు మోసుకొచ్చేలా వదలాలి. బలంగా దూరం విసిరేవాళ్ళు చేప ఉన్న చోటును దాటించి వేస్తుంటారు.

నిజాంపట్నం వైపు పాయ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని, “బాబాయ్, పోటు నిండినాక వెయ్యమంటారా?” అని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు: “నిండినాక ఏముంది బాబూ, నీళ్ళు లాగేటప్పుడే ఎయ్యాల. నీళ్ళు లాగకపోతే దానికీ పనిలేదు, నీకూ పనిలేదు.”

మంగినపూడి, సూర్యలంక లాంటి బయటి తీరంలో లెక్క దీనికి కొంత తిరగబడుతుంది. అక్కడ పాయ లేదు, మేతను బయటకు మోసుకొచ్చే నీళ్ళు లేవు. అక్కడ ఒడ్డుకు సమాంతరంగా ఒక ఇసుక గట్టు, గట్టుకూ ఒడ్డుకూ మధ్య ఒక గుంట ఉంటాయి. పాటులో ఆ గుంటలో నీళ్ళు మోకాలి లోతే. పోటు ఎక్కేటప్పుడు చేప గట్టు దాటి గుంటలోకి వస్తుంది. అందుకే బయటి తీరంలో ఎక్కే నీళ్ళు, మొగ దగ్గర దిగే నీళ్ళు మంచివి. ఈ ఒక్క తేడా తెలియకే ‘అమావాస్య నాడు వెళ్ళినా పడలేదు’ అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది.

సూర్యలంకలో ఇంకో సంగతి గమనించాలి. అలలన్నీ వరసగా తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట అల విరగకుండా, నీళ్ళు ముదురు రంగులో, పైన కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. గట్టు తెగి, ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. రిప్ కరెంట్ అంటున్నది దీన్నే. పెద్ద చేప ఆ దారి పక్కనే కాపు కాస్తుంది, కాబట్టి గాలం వేసేవాడికి అది మంచి చోటు. స్నానానికి దిగినవాళ్ళకు అదే అల లేని నెమ్మదైన చోటుగా కనిపిస్తుంది. మన తీరాల్లో పండగ రోజుల్లో, సెలవు రోజుల్లో కొట్టుకుపోయే పిల్లల్లో ఎంతోమంది ఇలాంటి చోట్ల దిగినవాళ్ళే. గాలం వేసేవాళ్ళకు ఆ చోటు తెలుసు కాబట్టి, అక్కడ ఎవరైనా దిగుతుంటే అరిచి ఆపాల్సిన బాధ్యత కూడా వాళ్ళదే. చిక్కుకున్నవాళ్ళు ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారి తప్పించుకోవాలి.

కృష్ణ నీళ్ళు, సముద్రపు ఉప్పు

ఏ చేప పడుతుందన్నది మన బ్యారేజీ మీద కూడా ఆధారపడి ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే ఆ నీళ్ళు దివిసీమ పాయల గుండా సముద్రంలో పడి తీరం వెంట పరుచుకుంటాయి. గోదావరి, మహానది, గంగ నీళ్ళు కూడా ఉత్తరం నుంచి తీరం వెంట మన వైపే వస్తాయి. ఆ రోజుల్లో తీరంలో పైనీటి ఉప్పదనం లీటరుకు 30 గ్రాముల లోపుకు పడిపోతుంది. వేసవి మొదటికి బ్యారేజీ కింద నదిలో ఇసుక తప్ప నీళ్ళు పెద్దగా కనిపించవు. తీరపు నీటిలో ఉప్పు లీటరుకు 33, 34 గ్రాములకు చేరుతుంది. కిందకు తోసే నది నీళ్ళు లేకపోయేసరికి పోటు నీళ్ళు పాయల్లో చాలా లోపలికి ఎక్కుతాయి.

దీంతో మంచినీటి చేపలు పైకి తప్పుకుంటాయి. సముద్రపు చేపలు, శీతాకాలంలో మొగ బయటే ఆగిపోయినవి, పాయల్లోకి చొరవగా వస్తాయి. పారలు, మాగలు, గొరకలు నాగాయలంక వైపు పాయల్లో తగులుతాయంటే ఈ ఉప్పే కారణం. పండుగప్ప మంచినీటిలోనూ బతుకుతుంది, ఉప్పునీటిలోనూ బతుకుతుంది. కానీ గుడ్లు పెట్టడానికి మాత్రం దానికి ఉప్పునీళ్ళు కావాలి, అందుకు పాయల్లోంచి మొగల వైపు దిగుతుంది. ఈ చేప విషయంలో తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అది మొదట మగచేపగా పెరుగుతుంది, కొన్నేళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే మనం ఫోటో దిగి మురిసిపోయే అతి పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ ఆడదే, లక్షల గుడ్లు పెట్టేదే. దాన్ని ఫోటో తీసుకుని తిరిగి వదిలేసేవాళ్ళు ఇప్పుడిప్పుడే మన దగ్గరా కనిపిస్తున్నారు. నాకు వాళ్ళంటే గౌరవం.

లోతు సముద్రం ఏం చేస్తుంటుంది

ఒడ్డున నిలబడే మనకు ఇది దూరపు విషయమే. కానీ వంజరం, సూర లాంటివి మార్కెట్‌కు వచ్చేది ఇక్కడి నుంచే, కాబట్టి చెప్పుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. ఫిబ్రవరి నుంచి తిరగబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, మార్చి, ఏప్రిల్లో బాగా జోరుగా ఉంటుంది. జనవరిలో 26, 27 డిగ్రీలున్న పైనీళ్ళు ఏప్రిల్ చివరికి 29, 30 డిగ్రీలకు చేరతాయి. గాలి తక్కువ, ఎండ ఎక్కువ. పైన వేడి నీటి పొర పలుచగా పరుచుకుని, అడుగున ఉన్న చల్లటి, పోషకాలున్న నీటితో కలవదు. పోషకాలు పైకి రాకపోతే నీటిలో తేలే కంటికి ఆనని నాచు పెరగదు, నాచు లేకపోతే దాన్ని తినే చిన్న జీవులుండవు, అవి లేకపోతే కవళ్ళు, నెత్తళ్ళు లాంటివి గుంపు కట్టవు. నడి సముద్రం ఏడాదిలో ఎక్కువ నిశ్చలంగా, తేటగా, నీలంగా కనిపించే ఈ రోజుల్లోనే అక్కడ పైనీటిలో మేత చాలా తక్కువ.

అయితే ఒడ్డు దగ్గర దీనికి విరుగుడు ఒకటుంది. తీరం వెంట ఈశాన్యం వైపు వీచే గాలి పైనీటిని సూటిగా ముందుకు తోయదు. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో నీళ్ళు గాలికి కుడివైపుకు, అంటే తీరం నుంచి బయటికి జరుగుతాయి. ఆ ఖాళీని నింపడానికి అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. నది నీటి పొర పలుచనైన వేసవి మొదట్లో దీనికి అడ్డు తక్కువ. అలా చల్లనీళ్ళు పైకి తేలిన చోటుకూ వేడినీళ్ళున్న చోటుకూ మధ్య అంచుల్లో చేప గుంపు కడుతుంది. మొగ దగ్గర చూసిన నురగ గీత పని చేసేదీ ఇలాగే, ఇక్కడ కొలత మాత్రం కిలోమీటర్లలో ఉంటుంది.

ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సమాచారం ఈ అంచుల మీదే ఆధారపడింది. ఉపగ్రహాలు సముద్రపు పైనీటి వేడినీ, నాచు ఆకుపచ్చదనాన్నీ కొలుస్తాయి. ఆ రెండూ ఒక్కసారిగా మారే చోటును పట్టుకుని, నిజాంపట్నం నుంచో గిలకలదిండి నుంచో ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని చెబుతారు. మబ్బు ఉంటే ఉపగ్రహం నీటి వేడిని చూడలేదు, కాబట్టి ఆకాశం నిర్మలంగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ సమాచారానికి అనుకూలం. ఏప్రిల్ ముదిరాక పైనీరంతా ఒకేలా కాగి వేడి తేడాలు చెరిగిపోతాయి, అప్పుడు నాచు రంగే ఎక్కువ ఆధారం.

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటాక ఈ లెక్కలేవీ బోట్లకు పనికిరావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరం మొత్తం మీద మరబోట్ల వేటా, మోటారు బిగించిన పడవల వేటా నిషేధం. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉంది. విజయవాడ మార్కెట్‌లో ఆ రెండు నెలలూ సముద్రపు చేప తగ్గి ధర పెరగడం, చెరువు బొచ్చెలు, శీలావతులు ఎక్కువగా కనిపించడం ఇందుకే. తుఫాను భయం కూడా ఆ రోజుల్లోనే. 2010 మే నెలలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మే నెలలో అసని మచిలీపట్నం దగ్గరకు వచ్చింది.

ఇక రోజు ఎంచుకోవడం

నాలుగు గడియారాల్లో రెండింటి కోసం వేచి చూసి లాభం లేదు. ఉప్పు, ప్రవాహం ఫాల్గుణ, చైత్రాలు రెండింటా దాదాపు ఒకేలా ఉంటాయి. మిగిలినవి గాలి, పోటు. గాలి లేని వేళ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా అని ఖాయం చేసుకుంటే, ఆ వేళకు నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అన్నదే ప్రశ్న.

మీరు వెళ్ళే చోట అమావాస్య నాడు పోటు ఏ గంటకు నిండుతుందో ఒకసారి చూసి రాసిపెట్టుకోండి, లేదా అక్కడివాళ్ళను అడగండి. పాయల లోపలికి వెళ్ళేకొద్దీ పోటు ఆలస్యం అవుతుంది, కాబట్టి బయటి తీరానికీ పాయకూ వేర్వేరుగా రాసుకోవాలి. పొద్దున తొమ్మిదికి నిండిందనుకుందాం. అమావాస్య నాడు తెల్లవారుజామున మూడింటి నుంచి తొమ్మిది దాకా నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి, అదీ పెద్ద పోటు. అంటే ఆ రోజూ, దాని పక్క రోజులూ సూర్యలంక, మంగినపూడి లాంటి బయటి తీరానికి వెళ్ళాలి. అదే రోజు మొగ దగ్గరకు వెళ్తే నీళ్ళు లాగేసరికి పదకొండు దాటుతుంది, అప్పటికి గాలి లేస్తుంది.

ఇక రోజుకు యాభై నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోండి. షష్ఠి వచ్చేసరికి రాత్రి ఒకటిన్నరకు పోటు నిండి, ఉదయం ఎనిమిది దగ్గరికి పాటు అడుగంటుతుంది. సప్తమికి ఎనిమిదిన్నర దాటుతుంది. అంటే ఈ రెండు రోజులూ తెల్లవారేటప్పుడు మొగలో నీళ్ళు బయటికి లాగుతుంటాయి. పోటు పెద్దది కాదు, కానీ గాలి లేదు, వెలుతురు తక్కువ, నీళ్ళు కదులుతున్నాయి. హంసలదీవికో నిజాంపట్నం పాయలకో వెళ్ళాల్సినవి ఆ రోజులు. తెలిసినవాళ్ళలో చాలామంది షష్ఠి, సప్తమి అనగానే పోటు చచ్చిపోయిందని ఇంట్లో ఉండిపోతారు. దశమి దాటాక తెల్లవారేసరికి నీళ్ళు నిండి కదలకుండా ఉంటాయి, ఆ రెండు మూడు రోజులు మానేయవచ్చు. పౌర్ణమికి మళ్ళీ మొదటి లెక్క. అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజువారీ ఆలస్యం యాభై నిమిషాలకంటే తక్కువ, అష్టమి దగ్గర ఎక్కువ ఉంటుంది కాబట్టి అరగంట అటూ ఇటూ పడుతుంది. గాలం సామాను సర్దుకునేముందు ఇన్‌కాయిస్ అలల సూచన చూసుకుని, మొగ దాకా నడిచే దారి పోటుకు మునిగేదైతే తిరిగొచ్చే వేళ కూడా కాగితం మీద రాసుకుని బయల్దేరాలి.